దీపము - ఊపిరి

ఆశ్వయుజ మాసమున కృష్ణపక్షము ముగియువేళకు మన తెలుగునాట దీపావళి పండుగ వచ్చును. చతుర్దశినాడు తెల్లవారకమునుపే ఇంటిల్లిపాదియు లేచి, తలంటుకొని అభ్యంగనస్నానము చేయుదురు. మరునాడు అమావాస్య. ఆకాశమున చంద్రుడు కనబడని ఆ రాత్రి గడపలమీదను, అరుగులమీదను, తులసికోట చుట్టును ప్రమిదలు వరుసదీరి వెలుగును. దీపముల వరుస యగుటచేతనే ఈ పండుగకు దీపావళి యను పేరు కలిగినది. నరకాసురుని బాధ తొలగిన సంతోషమున ప్రజలు దీపములు వెలిగించిరని పెద్దలు కథ చెప్పుదురు. ఆ వెనుక వచ్చు కార్తికమాస మంతయు దీపముల మాసమే. దేవాలయములలో ఆకాశదీపములు కట్టుదురు. పున్నమినాడు శివాలయములలో జ్వాలాతోరణము వెలిగింతురు.

దీపావళినాడు దీపము వెలిగించుట అందరికిని తెలిసిన పనియే. కాని వెలిగించిన దీపము నెదుట కొంచెముసేపు నిలుకడగా కూర్చుండువారు అరుదు. వత్తి అంటుకొన్నదో లేదో చూడకయే పిల్లలు మతాబులకొరకు పరుగెత్తుదురు. పెద్దలు పిండివంటల తొందరలోను, చుట్టముల రాకపోకలలోను మునిగియుందురు. పండుగ ముగిసిన మరునాడు ఒంటికి అలసటయు, వీధిలో కాగితపు ముక్కలును మిగులును.

మన పెద్దలు దీపమును గూర్చి రెండు నియమములు ఏర్పరచిరి. దీపమును నోటితో ఊది ఆర్పరాదనునది ఒకటి. దీపము ఆరిపోయినదని పలుకక, కొండెక్కినదని పలుకవలెననునది మరియొకటి. రెండవది మాటలోని మర్యాద. మొదటి దానియందు మాత్రము మనము ఆలోచింపదగిన విషయము కలదు. దీపమునకును ఊపిరికిని గల సంబంధమెట్టిది? ఊపిరితో దీపమును ఆర్పకుండుటయే గాక, దీపము సహాయమున ఊపిరిని దిద్దుకొనుట సాధ్యమగునా? ఈ పాఠమున ఆ సంగతి తెలిసికొందము. అందులకు శ్రీ సత్యసాయి జిల్లాలోని మూడు ఊళ్లు మనకు తోడుపడును. అవి హిందూపురము, పెనుకొండ, ధర్మవరము.

బెంగుళూరునుండి గుంతకల్లు వైపు పోవు రైలుమార్గమున ఈ మూడు ఊళ్లును వరుసగా తగులును. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన క్రొత్త జిల్లా ఏర్పడువరకు ఇవి అనంతపురము జిల్లాలో నుండెను. హిందూపురము కర్ణాటకమునకు సరిహద్దున నున్న వర్తకస్థానము. బెల్లమునకు, చింతపండునకు, మిరపకాయలకు, పట్టుగూళ్లకు ఆ ఊరి అంగళ్లు పేరుపొందినవి. అచట తెలుగును, కన్నడమును కలిసి వినవచ్చును. పెనుకొండ చారిత్రకస్థలము. 1565వ సంవత్సరమున జరిగిన తళ్లికోట యుద్ధము తరువాత విజయనగర రాజులు తమ రాజధానిని అచటికి మార్చిరి. ధర్మవరము పట్టుచీరెల నేతకు దేశమంతట ప్రసిద్ధికెక్కినది.

ఇది వానలు తక్కువగా నుండు సీమ. అనంతపురము ప్రాంతమున సంవత్సరమునకు సగటున కురియు వర్షము సుమారు 55 సెంటీమీటర్లు మాత్రమే. వేరుసెనగ పంట ఇంటికి వచ్చు దినములలోనే దీపావళియు వచ్చును. వాన కురిసిన యేట పండుగకు కళ హెచ్చు. వాన తప్పిన యేట గాని, మగ్గమునకు పని దొరకని యేట గాని, అనేక గృహములలో క్రొత్తబట్టలకును, బాణసంచాకును డబ్బు చాలదు. అట్టి ఇంటి పిల్లవాడు ఎదురింటివారి చిచ్చుబుడ్లను చూచుచు, పండుగ తనది కాదేమో యని చిన్నబుచ్చుకొనును. అతని ఇంటిలో ఒక మట్టిప్రమిద, ఒక ప్రత్తివత్తి, రెండు చెంచాల నూనె ఉన్నవి. వీనితోపాటు వెల యక్కరలేని ఊపిరి యున్నది. ఇంతమాత్రముతో పండుగ కొరత లేకుండ జరుగునని అతనికి చెప్పగలమా? చెప్పవలెనన్నచో ముందు దీపము తత్త్వమును, ఊపిరి తత్త్వమును మనము గ్రహింపవలెను.

ఇంగ్లండు దేశమున మైకేల్ ఫారడే యను గొప్ప శాస్త్రజ్ఞుడు ఉండెను. ఆయన 1791వ సంవత్సరమున ఒక కమ్మరివాని ఇంట పుట్టి, బాల్యమున పుస్తకములు బైండు చేయు దుకాణములో పనికి కుదిరి, తన కృషిచేతనే విద్య నార్జించెను. లండను నగరములోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో క్రిస్మసు సెలవులందు బాలబాలికలకొరకు ఆయన ఉపన్యాసము లిచ్చుచుండెను. 1860వ సంవత్సరము చివర మొదలుపెట్టి ఆయన ఆరు ఉపన్యాసములు కేవలము ఒక కొవ్వువత్తిని గూర్చియే చెప్పెను. చిన్న దీపమునుండి ప్రకృతిశాస్త్రమున ఎన్ని సంగతులు నేర్వవచ్చునో ఆయన ప్రయోగములతో నిరూపించెను. చివరి ఉపన్యాసమున దీపము మండుటకును, మనుష్యుడు ఊపిరి తీయుటకును గల పోలికను వివరించెను.

ఆ పోలికకు మూలము అంతకు పూర్వమే తెలిసియుండెను. ఇంగ్లండులో ప్రీస్ట్లీ యను పండితుడు 1774వ సంవత్సరమున ఒక వాయువును వేరుపరచి, అందు దీపము మిక్కిలి కాంతితో మండుటను కనుగొనెను. అదియే ప్రాణవాయువు. ఫ్రాన్సు దేశపు లావోయిజియే, తన మిత్రుడగు లాప్లాసుతో కలిసి, ఒక చిన్న జంతువును మంచు నింపిన పాత్రలో నుంచి, దాని శరీరమునుండి వెలువడు వేడిని కొలిచెను. ఊపిరి తీయుట యనగా మెల్లగా జరుగు దహనమే యని 1783వ సంవత్సరము నాటికి ఆయన తేల్చెను. దీపము నూనెను, ప్రాణవాయువును గ్రహించి, వేడిని, వెలుతురును ఇచ్చి, బొగ్గుపులుసు వాయువును విడుచును. మనము అన్నమును, ప్రాణవాయువును గ్రహించి, వేడిని, శక్తిని పొంది, ఆ బొగ్గుపులుసు వాయువునే విడుతుము. మన యందు మంట కనబడదు. వ్యత్యాస మంతమాత్రమే.

ఈ సంగతిని పాఠశాలలో ఉపాధ్యాయుల ఎదుట పరీక్షించి చూడవచ్చును. వెలుగుచున్న చిన్న దీపముమీద ఒక గాజుపాత్రను బోర్లించినచో, లోపలి గాలిలో ప్రాణవాయువు తగ్గిన కొలది మంట చిన్నదై, తుదకు నిలిచిపోవును. సున్నపుతేటలోనికి ఒక గొట్టముద్వారా మెల్లగా ఊపిరి విడిచినచో అది పాలవలె తెల్లబారును. బొగ్గుపులుసు వాయువు కలియుటయే అందులకు కారణము. మనము లోపలికి తీయు గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు. బయటికి విడుచు గాలిలో అది సుమారు 16 పాళ్లకు తగ్గును. కావున దీపావళిరాత్రి గడపమీది ప్రమిదయు, దాని ప్రక్కన కూర్చున్న బాలుడును ఒకే గాలిని పంచుకొనుచున్నారు. ఒకటి పాడైనచో రెండవదియు పాడగును.

ఇక ఊపిరి నడకను చూతము. పెనుకొండ యనగా పెద్దకొండ యని అర్థము. ఊరి ప్రక్కనే రాతికొండ నిలిచియున్నది. క్రింద గగనమహలు మున్నగు పాతకట్టడములు కలవు. ఆ కొండ ఎక్కు బాలుడు నాలుగడుగులు వేయునంతవరకు తన ఊపిరిని తలపడు. సగము దూరము పోవుసరికి రొమ్ము ఎగసిపడును, గుండె దడదడ కొట్టుకొనును, మాట తడబడును. అప్పుడు ఒక బండమీద కూర్చుండి నాలుగు నిమిషములు ఊరకున్నచో ఊపిరి తనంతట తాను కుదుటపడును. ఊపిరి తగ్గిన కొలది గుండె వేగము తగ్గును. మనసున తొందరయు తగ్గును. కొండ ఎక్కుటవలననే గాక, కోపమువలనను, భయమువలనను, పరీక్షల బెంగవలనను ఊపిరి ఇట్లే వేగము హెచ్చును.

విశ్రాంతిగా నున్న పెద్దవాడు నిమిషమునకు 12 మొదలు 20 పర్యాయములవరకు ఊపిరి తీయునని వైద్యులు చెప్పుదురు. మన యోగగ్రంథములలో మనుష్యుడు అహోరాత్రమునకు 21,600 ఊపిరులు తీయునని ఒక లెక్క యున్నది. దినమునకు 1,440 నిమిషములు గదా. భాగించినచో నిమిషమునకు 15 వచ్చును. గడియారములు లేని కాలమున మన పూర్వులు వేసిన లెక్క నేటి వైద్యుల లెక్కకు లోబడియే నిలుచుట గమనింపదగినది.

శరీరమున అనేక వ్యాపారములు మన యిష్టముతో నిమిత్తము లేకయే జరుగును. గుండెను ఆగుమన్న ఆగదు. కడుపును త్వరగా జీర్ణము చేయుమన్న చేయదు. ఊపిరి మాత్రము రెండు విధములుగను నడచును. నిద్రలో అది తనంతట సాగును. మెలకువలో మనము కోరినచో దానిని నిదానపరచవచ్చును. రొమ్మునకును కడుపునకును నడుమ ఉదరవితానమను కండరపు పొర యున్నది. అది క్రిందికి దిగినప్పుడు ఊపిరితిత్తులు గాలితో నిండును. పైకి లేచినప్పుడు గాలి వెలుపలికి పోవును. ఊపిరి విడుచునపుడు గుండె వేగము కొంచెము తగ్గును. మెదడునుండి గుండెకును కడుపునకును పోవు వాగస్ అను నాడి ఈ పని చేయించును. అందుచేతనే నిదానముగా, దీర్ఘముగా ఊపిరి విడుచుట మనసును శాంతపరచుటకు సులభమైన ఉపాయమైనది.

ఈ ఉపాయము మన దేశమునకు క్రొత్త గాదు. పతంజలి మహర్షి యోగమునకు చెప్పిన ఎనిమిది అంగములలో ప్రాణాయామము నాలుగవది. వచ్చుచు పోవుచున్న ఊపిరిని ఎరుకతో గమనించుటను బుద్ధభగవానుడు తన శిష్యులకు బోధించెను. దానికి పాళీభాషలో ఆనాపానసతి యని పేరు. హఠయోగప్రదీపిక యను గ్రంథమున రెప్పవేయక ఒకే గురుతును చూచు త్రాటకమను అభ్యాసము చెప్పబడినది. ప్రదీపిక యనగా దీపమే గదా. భగవద్గీత ఆరవ అధ్యాయమున, నిగ్రహము గల యోగి మనసును గాలి సోకని చోటనున్న దీపముతో పోల్చిరి. ఈ మూడు ఊళ్లకు సమీపమున నున్న పుట్టపర్తిలో సత్యసాయిబాబా జ్యోతిధ్యానమను పేర దీపము నెదుట కూర్చుండి చేయు ధ్యానమును బోధించిరి. కదిరి ప్రాంతమున కటారుపల్లెలో సమాధి గల యోగి వేమన, వెలుపలి ఆచారముకంటె లోపలి శుద్ధి గొప్పదని తేటతెలుగులో చాటెను. ఇట్లు కాలములు వేరైనను, మార్గములు వేరైనను, నిలుకడ యను గుణమును అందరును మెచ్చుకొనిరి.

నిలుకడ యనగా నేమో ధర్మవరపు నేతగానిని చూచిన తెలియును. గుంటమగ్గమున నేతగాడు గుంట అంచున కూర్చుండి, కాళ్లు గుంటలోనికి జార్చి త్రొక్కుచుండును. అతని ఎదుట పడుగు పోగులు వేలకొలది సాగియుండును. నాడె ఇటునుండి అటు పోవును, అటునుండి ఇటు వచ్చును. పేకపోగు ఒక్కొక్కటిగా కూడి చీరె పెరుగును. చేయి, కాలు, కన్ను ఒకే తాళమున నడచును. మధ్యలో ఒక పోగు తెగినచో అతడు మగ్గమును తిట్టడు, పోగును తిట్టడు. పని నిలిపి, తెగిన చోటు వెదకి, కొనలు కలిపి, ముడివేసి మరల నేయ నారంభించును. దినమున ఎన్ని పోగులు తెగినను అన్నియు ఇట్లే అతుకును. తెగుట తప్పు గాదు. తెగినది చూడకుండుట తప్పు.

ఊపిరిని గమనించు అభ్యాసమును సరిగా ఇట్టిదే. నాలుగు ఊపిరులు లెక్కించులోపల మనసు మిఠాయిమీదికి పోవును, మరుసటి దినపు ఆటమీదికి పోవును. అంతమాత్రమున నాకు ఏకాగ్రత లేదని దిగులుపడనక్కరలేదు. మనసు పోయినదని తెలిసికొనుటయే తెగిన పోగును చూచుట. తిరిగి ఊపిరిమీదికి తెచ్చుటయే ముడివేయుట. ఈ పని నూరు పర్యాయములు చేసినను నష్టము లేదు. అదియే అభ్యాసము.

ఇప్పుడు దీపావళినాడు బాలబాలికలు సులభముగా చేయదగిన అభ్యాసములను వరుసగా చెప్పుకొందము.

మొదటిది, వెలిగించుటయందే చేయు అభ్యాసము. ప్రమిదలన్నింటిని వరుసగా పేర్చి, నూనె పోసి, వత్తులు వేసి సిద్ధము చేయుము. పెద్దవారొకరు ప్రక్కన నుండవలెను. ఒక్కొక్క దీపమును వెలిగించి, మంట నిలిచినదాక చూచి, ఒక్క ఊపిరి నిండుగా తీసి విడిచి, ఆ తరువాతనే రెండవ దీపమునకు పొమ్ము. పండ్రెండు దీపములు వెలిగించుసరికి పండ్రెండు నిదానమైన ఊపిరులు పూర్తియగును. ఇందులకు వేరుగా కాలము వెచ్చింపనక్కరలేదు. చేయుచున్న పనియే ధ్యానమగును.

రెండవది, ఊపిరిని లెక్కించుట. ఇంటిలో గాలి ఆడు చోట, చాపమీద వెన్ను నిటారుగా నుంచి కూర్చుండుము. కన్నులు మెల్లగా మూసికొనుము. ఊపిరిని మార్చవలదు. ముక్కుపుటములకడ గాలి చల్లగా లోనికి పోవుటను, వెచ్చగా వెలుపలికి వచ్చుటను గమనింపుము. విడిచిన ప్రతి ఊపిరికి ఒకటి, రెండు, మూడు అని పదివరకు లెక్కించి మరల ఒకటికి రమ్ము. లెక్క తప్పినచో విసుగు చెందక ఒకటినుండి మొదలిడుము. మూడు నిమిషములు చాలును.

మూడవది, విడుచు ఊపిరిని దీర్ఘము చేయుట. నాలుగు అంకెలు లెక్కించునంతసేపు ముక్కుతో ఊపిరి తీసి, ఆరు అంకెలు లెక్కించునంతసేపు విడువవలెను. నడుమ బిగపట్టరాదు. ఒక చేతిని పొట్టమీద నుంచినచో తీయునపుడు పొట్ట ఉబ్బుటయు, విడుచునపుడు తగ్గుటయు తెలియును. భుజములు పైకి లేవకూడదు. పది ఊపిరులు ఇట్లు చేయుట చాలును. కష్టముగా తోచినచో మూడు, నాలుగు అంకెలతో చేసిన తప్పులేదు.

నాలుగవది, భ్రామరి. భ్రమర మనగా తుమ్మెద. నోరు మూసికొని, ఊపిరి తీసి, విడుచునపుడు తుమ్మెదవలె సన్నగా ఝంకారము చేయవలెను. ఆ నాదము పెదవులయందును, తలయందును అదురును. ఝంకారము సాగునంతసేపు ఊపిరి తనంతట దీర్ఘమగును. చిన్న తమ్ములును, చెల్లెండ్రును దీనిని ఆటగా నేర్చుకొందురు. బాణసంచా చప్పుడునకు జడియు పసివారిని ఒడిలో కూర్చుండబెట్టుకొని దీనిని చేయించినచో వారి బెదురు కొంత తగ్గును.

ఐదవది, దీపదర్శనము. గాలి విసరని చోట ఒక ప్రమిద నుంచి, దానికి మూరెడు దూరమునకు తక్కువ గాకుండ కూర్చుండుము. మంటను ఒక నిమిషము చూడుము. రెప్పలు సహజముగా వాలనిమ్ము. పిమ్మట కన్నులు మూసికొని, లోపల కనబడు వెలుగు మెల్లగా మాయమగువరకు గమనింపుము. ఇందొక విశేషము కలదు. ఎదుటి మంట నీ ఊపిరికి గురుతుగా నిలుచును. తొందరగా ఊపిరి విడిచినచో అది వణకును. నిదానముగా విడిచినచో అది కదలదు. నోటితో దీపము నూదరాదన్న పెద్దలమాట అప్పుడు మరియొక విధముగా బోధపడును. దీపమును ఆర్పగల బలము ఊపిరికి కలదు. ఆ బలమును అణచుకొని దీపము నెదుట మెలగుటయే నేర్పు.

ఈ అభ్యాసములలో కొన్ని జాగ్రత్తలు అవశ్యము పాటింపవలెను. భోజనము చేసిన వెంటనే చేయరాదు. ఊపిరిని బలవంతముగా బిగబట్టరాదు. తల తిరిగినట్లు తోచినచో వెంటనే మాని, మామూలుగా ఊపిరి తీయవలెను. ఉబ్బసము, మూర్ఛ, కంటిజబ్బు గలవారు వైద్యుని అడుగక దీపదర్శనము గాని, ఇతర అభ్యాసములు గాని చేయరాదు. ఇవి మందులకు బదులు గావు. దీపము కడ కూర్చున్నపుడు పావడకొంగులను, జడలను, పైపంచెలను జాగ్రత్తగా సరదుకొనవలెను. తలుపులు, కిటికీలు మూసిన చిన్నగదిలో అనేక దీపములు గాని, బొగ్గులకుంపటి గాని ఉంచరాదు. గాజుపాత్ర క్రింది దీపము గతి మనకును పట్టవచ్చును. అంతేకాక చాలినంత గాలి లేని చోట మండు బొగ్గులనుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు.

గాలిమాట వచ్చినది కావున, బాణసంచాను గూర్చియు చెప్పుకొనవలెను. టపాకాయలలో సూరేకారము, గంధకము, బొగ్గుపొడి ముఖ్యమైనవి. ఎరుపు, పచ్చ మున్నగు రంగులకొరకు లోహపు లవణములు కలుపుదురు. ఇవి మండినపుడు లేచు పొగలో మిక్కిలి సన్నని రేణువులు ఉండును. వానిలో రెండున్నర మైక్రానులకు లోబడినవి మన తలవెండ్రుక మందములో ముప్పదవవంతు మాత్రమే. అవి ముక్కులోని వెండ్రుకలకు చిక్కక ఊపిరితిత్తుల అడుగువరకు పోవును. ఆ రాత్రి ఉబ్బసపు రోగులును, వృద్ధులును, పసిబిడ్డలును పడు బాధకు కారణ మదియే. ఊపిరి పీల్చుట కష్టమైన ఇంట దీపములెన్ని వెలిగినను పండుగ లేదు. పట్టునూలును, మగ్గమును ఒకే ఇంట నుండు నేతవారికి నిప్పురవ్వ భయము వేరుగ నుండును.

1999వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము బాణసంచా చప్పుడునకు మితి విధించినది. 2018వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన మన దేశపు సర్వోన్నత న్యాయస్థానము, పొగయు చప్పుడును తక్కువగా నుండు టపాకాయలనే కాల్చవలెననియు, దీపావళినాడు రాత్రి 8 మొదలు 10 గంటలవరకే కాల్చవలెననియు ఆదేశించినది. శాసనమునకు జడిసి గాక, పొరుగువారి ఊపిరిని తలచి మనమే మితము పాటించుట మేలు. ఊపిరి విలువ ఒకసారి తెలిసినవాడు, ఇతరుల ఊపిరికి అడ్డుపడనేరడు. ఈ అభ్యాసములవలన కలుగు మొదటి లాభము మనసున శాంతి యైనచో, రెండవ లాభము ఈ వివేకము.

మనసు చెదరకుండుటకు పండుగసందడియంతయు మానవలెనా యని కొందరు అడుగవచ్చును. అట్లు గాదు. పిండివంటలు తినుట, బంధువులతో ముచ్చటించుట, మతాబు వెలుతురు చూచి కేరింతలు కొట్టుట పండుగలోని భాగములే. హిందూపురము అంగళ్లలో పండుగముందటి సందడియు చూడదగినదే. కాని ఆ సందడిలో పది నిమిషములు నిలుకడకొరకు కేటాయింపవలెను. వాద్యముల నడుమ తంబురశ్రుతి ఎట్లో, పండుగ సంబరముల నడుమ ఈ పది నిమిషములు అట్లు. శ్రుతి యున్నచో మిగిలిన నాదములన్నియు ఇంపుగా నుండును.

పంట పోయిన యేట, పని లేని యేట దీపావళి ఎట్లు జరుపవలెనన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానము దొరకినది. ఒక ప్రమిదకడ తల్లి, తండ్రి, పిల్లలు చుట్టును కూర్చుండి, పది ఊపిరులు కలిసి లెక్కించిన ఇల్లు పండుగ చేసికొన్న ఇల్లే. దానికి వేయిరూపాయల బాణసంచా అక్కరలేదు. బీదరికము దానివలన తీరదు. అప్పు దానివలన తరుగదు. వాన కురియుటయు, మగ్గము ఆడుటయు వేరు సంగతులు. వానికొరకు పెద్దలు పాటుపడవలెను, ప్రభుత్వము తోడుపడవలెను. కాని కష్టకాలమున ఒకరినొకరు చూచుకొని కుదుటపడుటకు ఒక రాత్రి దొరకినది. మరునాటి పనికి తెల్లవారి లేచువానికి ఆ కుదుటపాటు చిన్న సాయము గాదు.

పండుగతో ఈ అభ్యాసమును విడిచిపెట్టనక్కరలేదు. కార్తికమున నెలరోజులు సాయంకాలమున ఇంటిలో దీపము వెలుగును. ఆ దీపమునకడ దినమునకు మూడు నిమిషములు కూర్చున్నచో నెల ముగియుసరికి అలవాటగును. అలవాటైన పిమ్మట దీపము లేకున్నను, పరీక్షగదిలో ప్రశ్నపత్రము చేతికి వచ్చినపుడును, తోటివాడు పరుషముగా మాటాడినపుడును, చీకటిదారిన ఒంటరిగా నడచునపుడును ఊపిరి జ్ఞప్తికి వచ్చును. నాలుగు అంకెలతో తీసి, ఆరు అంకెలతో విడిచినచో, ఏమి చేయవలెనో ఆలోచించుటకు వ్యవధి దొరకును.

దీపావళిరాత్రి చివరకు వీధులు సద్దుమణుగును. ప్రమిదలలో నూనె అడుగంటును. ఒక్కొక్క దీపము మెల్లగా కొండెక్కును. ఆ సమయమున మెలకువగా నున్నచో, గడపకడ నిలిచి మిగిలిన కడపటి దీపమును చూడుము. చల్లని గాలి లోనికి పోవుటను, వెచ్చని గాలి వెలుపలికి వచ్చుటను గమనింపుము. పిమ్మట తలుపు వేసికొని సుఖముగా నిద్రింపుము.